తాళం వేసినంత మాత్రాన హక్కు పోదు

2020 మార్చి 25న, లాక్‌డౌన్ మొదలైన రోజునే, అమీర్‌పేట చుట్టుపక్కల చాలా హాస్టళ్లవాళ్లు కోచింగులకొచ్చిన పిల్లల్ని ఖాళీ చెయ్యమన్నారు. బస్సుల్లేవు, రైళ్లు లేవు. వేలమంది పాసుల కోసం పోలీస్ స్టేషన్ల ముందు బారులు తీరారు. పాసులతో ఆంధ్ర దారి పట్టినవాళ్లని గరికపాడు చెక్‌పోస్టు దగ్గర ఆపేశారు. విద్యార్థుల్నీ కూలీల్నీ బలవంతంగా ఖాళీ చేయిస్తే చర్య తప్పదని మార్చి 29న కేంద్ర హోంశాఖ ఉత్తర్వు ఇచ్చింది. అది ఆపత్కాలపు ఉత్తర్వు. మరి మామూలు రోజుల్లో కిరాయికున్నవాళ్లకి దిక్కేమిటి?

మొదటి సంగతి: ఇల్లు ఓనరుదే అయినా స్వాధీనం కిరాయిదారుది. దాన్ని కోర్టు ద్వారానే తీసుకోవాలి. సామాను బయటపడెయ్యడం, తాళం మార్చడం చెల్లవు. నెలవారీ కిరాయికి, వేరే ఒప్పందం లేకపోతే, 1882 ఆస్తి బదిలీ చట్టం 106వ సెక్షన్ ప్రకారం 15 రోజుల నోటీసివ్వాలి. గడువు దాటినా ఖాళీ చెయ్యకపోతే ఓనరు కోర్టుకే పోవాలి. బలవంతంగా వెళ్లగొడితే, 1963 స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం 6వ సెక్షన్ కింద ఆరునెలల్లోగా దావా వెయ్యొచ్చు. అక్కడ ఇల్లెవరిదన్న ప్రశ్నే రాదు.

1960 అద్దె నియంత్రణ చట్టం ఇంకా గట్టిది. అందులో చెప్పిన కారణాలుంటేనే ఖాళీ చేయించాలి. ఓనరు కిరాయి తీసుకోకుండా ఎగవేతదారు ముద్ర వెయ్యాలని చూస్తే మనియార్డరు చెయ్యొచ్చు, తిప్పికొడితే రెంట్ కంట్రోలర్ దగ్గర జమ చెయ్యొచ్చు. అయితే 2005 సవరణ నగరపాలక సంస్థల పరిధిలో 3,500 రూపాయలు దాటిన కిరాయిల్ని ఈ చట్టం నుంచి తప్పించింది. ఇవాళ అమీర్‌పేటలో ఆ హద్దులోపు గది దొరకడమే కష్టం.

హాస్టల్లో మంచానికి డబ్బు కట్టేవాళ్ల హక్కు ఇంకా పలచన. వాళ్లది సాధారణంగా కిరాయి కాదు, అనుమతి మాత్రమే. అయినా అనుమతి రద్దయితే, వెళ్లడానికీ సామాను తీసుకుపోవడానికీ తగిన వ్యవధి ఇవ్వాలని 1882 ఈజ్‌మెంట్స్ చట్టం 63వ సెక్షన్ అంటుంది. రాత్రికి రాత్రే పెట్టె రోడ్డుమీద పెట్టడం కుదరదు.

ఇక కులం సంగతి. పేరడిగి, ఊరడిగి, చివరికి "మీరేమిట్లు?" అంటారు. అంటరానితనం పేరుతో ఏ ప్రాంతంలోనైనా ఇంట్లో ఉండనివ్వకపోవడం 1955 పౌరహక్కుల పరిరక్షణ చట్టం 4వ సెక్షన్ కింద నేరం. కానీ "ఆల్రెడీ ఇచ్చేశాం" అంటే రుజువు చెయ్యడం కష్టం. చేరాక కులం తెలిసి వెళ్లగొడితే ఆధారాలు దొరుకుతాయి. 1985లో కారంచేడు దళితులు ఇళ్లొదిలి చీరాల చేరడం చూశాం. 1989 అత్యాచారాల నిరోధక చట్టం దళితుల్ని, ఆదివాసుల్ని ఇల్లు విడిచేలా చెయ్యడాన్ని నేరమంది. 2016 నుంచి అమల్లో ఉన్న సవరణ ప్రకారం అవి 3(1)(జి), 3(1)(జెడ్) క్లాజులు. ఊరికే కాదు, పంజాగుట్ట అపార్ట్‌మెంటుకీ ఇవి వర్తిస్తాయి.

స్టేషన్లో "ఇది సివిల్ తగాదా" అంటారు. కులం కారణంగా వెళ్లగొడితే అది నేరం కూడా. ఎఫ్ఐఆర్‌కి ముందు ప్రాథమిక విచారణ అక్కర్లేదని 18ఎ సెక్షన్ స్పష్టం చేసింది. అయితే కులమే కారణమని చూపాలి. అందుకే చేరిన రోజు నుంచే కిరాయి రసీదులు, బ్యాంకు చెల్లింపులు, ఓనరు మెసేజీలు దాచుకోవాలి, మాటలు విన్న పక్కింటివాళ్ల పేర్లు రాసిపెట్టుకోవాలి. పోరాటం కోర్టులో జరిగినా, స్టేషన్లో జరిగినా ఈ కాగితాలే పనికొస్తాయి.