గేమింగ్ పీసీకి పెద్ద ఎస్ఎస్‌డీ: జెన్5 1 టీబీనా, జెన్4 2 టీబీనా?

స్టీమ్‌లో కొత్త గేమ్ ఇన్‌స్టాల్ నొక్కగానే డిస్క్‌లో చోటు లేదని వస్తే ముందు ఏం చేస్తాం? పాత గేమ్ ఒకటి తీసేస్తాం. ఇంకోసారి వస్తే ఇంకోటి. మూడోసారికి పెద్ద ఎస్ఎస్‌డీ కోసం వెతకడం మొదలుపెడతాం. అసలు గందరగోళం అక్కడే. ఒక పక్క సెకనుకు 14,000 ఎంబీ అని బాక్స్ మీద పెద్దక్షరాలతో రాసిన 1 టీబీ జెన్5 డ్రైవ్, ఇంకో పక్క అందులో సగం స్పీడ్ చెప్పే 2 టీబీ జెన్4 డ్రైవ్. చేతిలో ఉన్న డబ్బుకి రెండింట్లో ఒకటే వస్తుంది.

గేమింగ్ కోసమే అయితే కళ్లు మూసుకుని 2 టీబీ తీసుకోండి. ఎందుకో లెక్కలతోనే చెప్తాను.

స్టీమ్ పేజీల్లో రాసిన సైజులు చూడండి. రెడ్ డెడ్ రిడెంప్షన్ 2 కి 150 జీబీ, బాల్డర్స్ గేట్ 3 కి 150, బ్లాక్ మిత్ వుకాంగ్‌కి 130, గాడ్ ఆఫ్ వార్ రాగ్నరోక్‌కి 190, సైబర్‌పంక్ 2077 కి 70. అయిదు గేమ్‌లకే 690 జీబీ. 1 టీబీ డ్రైవ్ పెడితే విండోస్‌లో కనిపించేది 931 జీబీ మాత్రమే. కంపెనీ వాళ్లు వెయ్యితో లెక్కేస్తారు, విండోస్ 1024 తో లెక్కేస్తుంది, మోసమేం కాదు. అందులో విండోస్, డ్రైవర్లు, రికార్డింగ్ క్లిప్పులు, ప్రాజెక్ట్ ఫోల్డర్లు పోతే మిగిలేదెంత? పైగా గేమ్ అప్‌డేట్ అయ్యేటప్పుడు కొన్నిసార్లు తాత్కాలికంగా ఇంకా చోటు అడుగుతుంది.

ఇప్పుడు స్పీడ్ సంగతి. హార్డ్ డిస్క్ నుంచి ఎస్ఎస్‌డీకి మారినప్పుడు వచ్చే తేడా నిజంగానే పెద్దది. సాటా ఎస్ఎస్‌డీ 550 ఎంబీ దగ్గర ఆగిపోతుంది, జెన్3 డ్రైవ్ 3,500 వరకు, జెన్4 7,000 వరకు వెళ్తాయి. కానీ సాటా దాటాక, ఎక్కువ గేమ్‌లలో లోడింగ్ టైమ్ ఈ నంబర్లతో పాటు తగ్గదు. జెన్3 కి, జెన్5 కి మధ్య మీకు తెలిసే తేడా చాలావరకు ఒకటి రెండు సెకన్లే. బాక్స్ మీద రాసేది ఒకే పెద్ద ఫైల్‌ని వరుసగా చదివే స్పీడ్. గేమ్ లోడ్ అయ్యేటప్పుడు జరిగేది వేరు: చిన్న చిన్న ముక్కలు చదవాలి, వాటిని ప్రాసెసర్ డీకంప్రెస్ చేయాలి, షేడర్లు తయారవ్వాలి. ఒక్కొక్కటిగా 4 కేబీ ముక్కలు చదవమంటే జెన్5 డ్రైవ్ కూడా 100 ఎంబీ చుట్టుపక్కలే తిరుగుతుంది.

మరి డైరెక్ట్‌స్టోరేజ్ వచ్చింది కదా అంటారు. వచ్చింది. 2023 జనవరిలో ఫోర్‌స్పోకెన్‌తో పీసీ గేమ్‌లలో మొదలైంది. అదే ఏడాది జూలైలో వచ్చిన రాచెట్ అండ్ క్లాంక్ రిఫ్ట్ అపార్ట్ అయితే డీకంప్రెషన్ పనిని గ్రాఫిక్స్ కార్డ్‌కి కూడా ఇచ్చింది. టెక్నాలజీ బాగుంది, వాడే గేమ్‌లే తక్కువ. ఎప్పుడో రాబోయే గేమ్ కోసం ఈరోజు సగం స్టోరేజ్ వదులుకోవడం నాకైతే నచ్చదు.

చోటు లేక తీసేసిన గేమ్ మళ్లీ ఆడాలనిపిస్తే పట్టే టైమ్‌ని ఏ బెంచ్‌మార్క్ కూడా చూపించదు. ఇంట్లో 100 మెగాబిట్ బ్రాడ్‌బ్యాండ్ ఉందనుకోండి, సెకనుకు 12.5 ఎంబీ. 150 జీబీ గేమ్ దిగడానికి 3 గంటల 20 నిమిషాలు, అదీ లైన్ ఫుల్ స్పీడ్ ఇస్తే. హాస్టల్లో రోజుకి 2 జీబీ ప్యాక్ మీద బతికేవాళ్లయితే 75 రోజులు! జెన్5 వల్ల మిగిలే రెండు సెకన్లని దీని పక్కన పెట్టి చూడండి.

టీఎల్‌సీ, క్యూఎల్‌సీ గొడవ

2 టీబీ అని ఫిక్స్ అయ్యాక చూడాల్సింది లోపలి చిప్. టీఎల్‌సీలో ఒక్కో సెల్ 3 బిట్లు దాచుకుంటుంది, క్యూఎల్‌సీలో 4. అందుకే క్యూఎల్‌సీ చవక, అందుకే రాసేటప్పుడు నెమ్మది. డ్రైవ్‌లో కొంత భాగాన్ని వేగంగా రాసే కాష్‌లా వాడతారు కాబట్టి మొదట్లో తెలియదు. అది నిండాక బండారం బయటపడుతుంది. శాంసంగ్ 870 క్యూవీఓ 1 టీబీ మోడల్‌కి కాష్ అయిపోయాక రైట్ స్పీడ్ 80 ఎంబీ అని కంపెనీయే స్పెక్స్‌లో రాసింది. హార్డ్ డిస్క్ కంటే తక్కువ. డ్రైవ్ నిండేకొద్దీ చాలా మోడల్స్‌లో ఈ కాష్ కూడా చిన్నదవుతుంది.

అలాగని క్యూఎల్‌సీ అంటే చెత్త అనేవాళ్లతో నేను ఏకీభవించను. మీ డౌన్‌లోడ్ వచ్చేదే 12.5 ఎంబీ స్పీడ్‌తో అయినప్పుడు, 80 ఎంబీ రైట్ కూడా అడ్డం రాదు. గేమ్ ఆడేటప్పుడు జరిగేది ఎక్కువగా చదవడమే, అందులో క్యూఎల్‌సీ బాగానే ఉంటుంది. డ్రైవ్ త్వరగా అరిగిపోతుందన్న భయం కూడా లెక్క వేస్తే తగ్గుతుంది. క్రూషియల్ పీ3 ప్లస్ 2 టీబీకి రైటింగ్ లిమిట్ 440 టీబీ. రోజూ 100 జీబీ రాసినా 12 ఏళ్లు. కాబట్టి గేమ్‌ల కోసమే పెట్టే రెండో డ్రైవ్‌కి క్యూఎల్‌సీ ఓకే. విండోస్ ఉండే డ్రైవ్‌కి, గేమ్‌ప్లే రికార్డ్ చేసి ఎడిట్ చేసేవాళ్లకి మాత్రం టీఎల్‌సీనే. శాంసంగ్ 990 ప్రో, డబ్ల్యూడీ బ్లాక్ ఎస్ఎన్850ఎక్స్ 2 టీబీ మోడల్స్ రెండూ టీఎల్‌సీ, రెండింటికీ 1,200 టీబీ లిమిట్, 5 ఏళ్ల వారంటీ.

ఒక మోడల్ మంచిదని పాత రివ్యూ చూసి కొనేస్తే కూడా కుదరదు. క్రూషియల్ పీ2 మొదట టీఎల్‌సీతో వచ్చింది. 2021 కల్లా అదే పేరుతో క్యూఎల్‌సీ పెట్టి అమ్మారు. రివ్యూ డేట్ చూడటం అలవాటు చేసుకోండి.

డీర్యామ్ లేని డ్రైవ్‌ల గురించి కూడా అడుగుతుంటారు. ఇవి సిస్టమ్ ర్యామ్‌లో కొద్దిగా అప్పు తీసుకుని పని కానిస్తాయి, గేమింగ్‌కి ఏ ఇబ్బందీ లేదు. కానీ 2024 లో విండోస్ 11 24హెచ్2 వచ్చినప్పుడు డబ్ల్యూడీ ఎస్ఎన్770, ఎస్ఎన్580 2 టీబీ డ్రైవ్‌లు ఈ అప్పు దగ్గరే తేడా చేసి బ్లూ స్క్రీన్ చూపించాయి. కంపెనీ ఫర్మ్‌వేర్ అప్‌డేట్‌తో సరిచేసింది. పాత స్టాక్ కొంటే పెట్టిన మొదటి రోజే ఫర్మ్‌వేర్ చెక్ చేయండి.

మీ బోర్డు ఏమంటుంది?

డబ్బులు కట్టే ముందు మదర్‌బోర్డ్ మాన్యువల్ పీడీఎఫ్ ఒకసారి తెరవండి. బీ550 లో మొదటి స్లాట్ జెన్4, రెండోది జెన్3. ఆ మొదటి స్లాట్ కూడా ప్రాసెసర్ని బట్టే. మన దగ్గర బడ్జెట్ బిల్డ్‌లలో తెగ వాడిన రైజెన్ 5 5600జీ జెన్3 వరకే ఇస్తుంది. అందులో జెన్4 డ్రైవ్ పెడితే పాడైపోదు, 3,500 దగ్గర నడుస్తుంది, అంతే. బీ450 లో కొన్ని బోర్డులకి ఎం.2 స్లాట్ ఒక్కటే ఉంటుంది. రెండు స్లాట్లున్న కొన్ని బోర్డుల్లో రెండోది వాడితే ఒకటి రెండు సాటా పోర్ట్‌లు ఆగిపోతాయి. హార్డ్ డిస్క్ కనిపించట్లేదని షాప్‌కి పరిగెత్తే ముందు కేబుల్ వేరే పోర్ట్‌కి మార్చి చూడండి. ఎం.2 స్లాటే లేని పాత పీసీ అయితే 2.5 అంగుళాల సాటా ఎస్ఎస్‌డీ తీసుకోండి, సిగ్గుపడాల్సిందేం లేదు.

హీట్‌సింక్ విషయంలో, బోర్డుతో వచ్చింది ఉంటే అది చాలు. ఏసీ లేని గదిలో, విజయవాడ మే నెలలో, గ్రాఫిక్స్ కార్డ్ కింద స్లాట్‌లో డ్రైవ్ ఉంటే మాత్రం హీట్‌సింక్ లేకుండా వదలొద్దు. బోర్డుకి ఉంటే హీట్‌సింక్ అతికించి ఉన్న డ్రైవ్ కొనకండి, రెండూ ఒకదానిమీద ఒకటి పట్టవు.

ఆఫర్ కోసం ఆగాలా అంటే, ఇప్పుడు ఆ సలహా ఇవ్వలేను. ఏఐ డేటా సెంటర్లు మెమరీ చిప్‌లన్నీ ఎగరేసుకుపోతుండటంతో 2025 చివర్లో ఎస్ఎస్‌డీ, ర్యామ్ ధరలు పెరిగాయి. ఆ డిసెంబర్‌లోనే మైక్రాన్ తన క్రూషియల్ బ్రాండ్‌తో మామూలు కస్టమర్లకి అమ్మే వ్యాపారం ఆపేస్తున్నట్టు ప్రకటించింది. ఈ పరిస్థితిలో ఈ ఏడాది 1 టీబీ, వచ్చే ఏడాది ఇంకో 1 టీబీ అనే ప్లాన్ జేబుకి బరువే. ధరని జీబీలతో భాగించి చూడండి, ఏది చవకో అక్కడే తెలిసిపోతుంది. సికింద్రాబాద్ సీటీసీలో కొన్నా, ఆన్‌లైన్‌లో కొన్నా జీఎస్‌టీ బిల్లు అడగండి, సీరియల్ నంబర్‌తో కంపెనీ సైట్‌లో వారంటీ కొట్టి చూడండి. 16 టీబీ ఎక్స్‌టర్నల్ ఎస్ఎస్‌డీ రెండు వేలకే అని కనిపిస్తే అది నకిలీ, ఇంకో ఆలోచన వద్దు.

రెండో స్లాట్ ఖాళీగా ఉంటే పాత డ్రైవ్‌ని విండోస్‌తో అలాగే ఉంచి, కొత్తది గేమ్‌లకి పెట్టుకోవడం సులువు. స్లాట్ ఒక్కటే అయితే క్లోన్ చేయాలి. దానికి ముందు బిట్‌లాకర్ రికవరీ కీ ఫోన్‌లో దాచుకోండి, ముఖ్యమైన ఫైల్స్ వేరే చోట కాపీ చేయండి, సోర్స్ ఏదో టార్గెట్ ఏదో రెండుసార్లు చూసుకోండి. తారుమారైతే ఖాళీ డ్రైవ్ వచ్చి మీ డేటా మీద కూర్చుంటుంది. రెండో డ్రైవ్‌గా పెట్టినప్పుడు దిస్ పీసీలో కనిపించకపోతే కంగారు పడకండి. డిస్క్ మేనేజ్‌మెంట్‌లోకి వెళ్లి జీపీటీగా ఇనిషియలైజ్ చేసి, కొత్త వాల్యూమ్ చేస్తే వస్తుంది. తర్వాత స్టీమ్ సెట్టింగ్స్‌లో స్టోరేజ్‌కి వెళ్లి కొత్త డ్రైవ్ జోడించి, గేమ్‌లు సెలెక్ట్ చేసి మూవ్ కొట్టండి. మళ్లీ డౌన్‌లోడ్ చేయాల్సిన పని లేదు.