ఒకసారి క్లెయిమ్ తీసుకున్న ఊరింటికి మళ్లీ తక్కువలో బీమా దొరుకుతుందా?

అబిడ్స్‌లో దుకాణం, నాంపల్లిలో అద్దె ఇల్లు, ఊళ్లో అమ్మీ-అబ్బా ఉండే సొంతిల్లు. హైదరాబాద్‌లో ఇలా బతుకుతున్న కుటుంబాలు వేలల్లో ఉంటాయి. ఇక్కడి దుకాణానికి బ్యాంకు అడిగింది కాబట్టి బీమా ఉంటుంది. ఊళ్లో ఇంటి సంగతి వరద వచ్చాకే గుర్తొస్తుంది.

2023 జులై 27న భూపాలపల్లి జిల్లాలో మోరంచవాగు పొంగి మోరంచపల్లి ఊరంతా నీళ్లలో మునిగింది. ఆ తర్వాతి ఏడాది సెప్టెంబర్ 1న మున్నేరు ఉప్పొంగి ఖమ్మంలో ఒడ్డునున్న కాలనీలను ముంచేసింది. ఇలాంటి నష్టానికి ప్రభుత్వ సాయం ఎంతొస్తుందో చాలామందికి తెలీదు. విపత్తు సహాయ నిధికి కేంద్రం 2022–26 కాలానికి పెట్టిన లెక్క ప్రకారం, కనీసం 15 శాతం దెబ్బతిన్న పక్కా ఇంటికి 6,500 రూపాయలు, కచ్చా ఇంటికి 4,000. మైదాన ప్రాంతంలో ఇల్లు పూర్తిగా కూలిపోతే 1.20 లక్షలు. రాష్ట్ర ప్రభుత్వం తన వంతు కలిపితే కలపవచ్చు. కానీ 6,500తో తడిసిన ఒక గదికి సున్నం, కరెంటు వైరింగ్ కూడా పూర్తి కావు.

బీమా ఉన్న కొద్దిమంది క్లెయిమ్ పెట్టుకున్నారు, డబ్బు తీసుకున్నారు, ఇల్లు బాగు చేసుకున్నారు. అసలు బెంగ అక్కడి నుంచి మొదలవుతుంది. "ఏం భాయ్, ఒకసారి క్లెయిమ్ పడ్డాక ఇంకెవడిస్తాడు పాలసీ? ఇచ్చినా డబుల్ అడుగుతాడు" అనే మాట ఎక్కడ చూసినా వినిపిస్తుంది. ఇందులో కొంత నిజముంది, ఎక్కువ భాగం భయమే.

ముందు ఆ డబుల్ సంగతి చూద్దాం

అగ్నిప్రమాద బీమా రేట్లను ఒకప్పుడు దేశమంతటికీ ఒకే టారిఫ్‌తో నిర్ణయించేవారు. 2007 జనవరి 1 నుంచి ఆ కట్టుబాటు పోయింది. ఇప్పుడు ఏ కంపెనీ రేటు ఆ కంపెనీదే. క్లెయిమ్ చరిత్రను ఒక కంపెనీ చూసినట్టే ఇంకో కంపెనీ చూడాలని లేదు. ఒక బ్రాంచిలో "కుదరదు" అన్నారని ఇంటికి వచ్చేయకూడదు. న్యూ ఇండియా, యునైటెడ్ ఇండియా, నేషనల్, ఓరియంటల్ అనే నాలుగు ప్రభుత్వ రంగ కంపెనీలున్నాయి. ప్రైవేటు కంపెనీలు వీటికి అదనం. అబిడ్స్, బషీర్‌బాగ్ చుట్టుపక్కలే ఒక పూటలో మూడు నాలుగు కొటేషన్లు తెచ్చుకోవచ్చు.

లెక్క వేసి చూస్తే విషయం తేలుతుంది. ఊళ్లో ఇంటి కార్పెట్ ఏరియా 900 చదరపు అడుగులు, ఇవాళ కట్టాలంటే అడుగుకు 1,600 ఖర్చు అనుకుందాం. ఇంటి బీమా మొత్తం 14 లక్షల 40 వేలు. రేటు వెయ్యికి 40 పైసలనుకుంటే (లెక్క కోసం పెట్టుకున్న అంకె మాత్రమే, ఏ కంపెనీదీ కాదు) ఏడాదికి 576 రూపాయలు, 18 శాతం జీఎస్టీ కలిపితే సుమారు 680. క్లెయిమ్ తర్వాత కంపెనీ నిజంగానే రెట్టింపు చేసినా 1,360. అంటే నెలకు 57 రూపాయలు అదనం. 2025 సెప్టెంబర్ 22 నుంచి జీఎస్టీ పూర్తిగా తీసేసింది వ్యక్తిగత జీవిత, ఆరోగ్య బీమాలకే. ఇంటి బీమాకు పన్ను అలాగే ఉంది కాబట్టి ఆ మాట పట్టుకుని కౌంటర్ దగ్గర వాదించి లాభం లేదు.

మరి జనం ఎందుకు తిరిగి తిరిగి అలసిపోతున్నారు? ఏడు వందల పాలసీ మీద ఏజెంటుకు వచ్చే కమీషన్ చాయ్ ఖర్చులకు కూడా సరిపోదు. ఊరు దూరం, ఇల్లు చూసి రావాలి, మీద పాత క్లెయిమ్ ఉంది. అందుకని "చూద్దాం, ఫోన్ చేస్తా" అంటారు, ఫోన్ రాదు. దాన్ని కంపెనీ తిరస్కరించిందని మనం అనుకుంటాం. చాలాసార్లు ఆ దరఖాస్తు కంపెనీ టేబుల్ దాకా వెళ్లే ఉండదు. కాబట్టి నేరుగా బ్రాంచికి వెళ్లి, నింపిన ప్రపోజల్ ఫారం ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకోవడం మేలు. లేదంటే అబిడ్స్ జీపీఓ నుంచి స్పీడ్ పోస్ట్ చేసి రసీదు దాచుకోండి.

ఏ పాలసీ అడగాలి?

పేరు గుర్తుపెట్టుకోండి: భారత్ గృహ రక్ష. ఇళ్లకు ఇదే ప్రామాణిక పాలసీ. బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ఆదేశంతో 2021 ఏప్రిల్ 1 నుంచి అగ్నిప్రమాద బీమా చేసే కంపెనీలన్నీ దీన్ని అమ్మాలి. పాలసీ పత్రంలోని మాటలు అన్ని కంపెనీల్లోనూ ఒకటే, తేడా ధరలోనే. నిప్పు, పిడుగు, తుపాను, వరద, ముంపు, భూకంపం, అల్లర్లు, నీళ్ల ట్యాంకు పగలడం అన్నీ ఇందులోనే ఉన్నాయి. అలాంటి ప్రమాదం జరిగిన 7 రోజుల్లోపు జరిగే దొంగతనం కూడా వస్తుంది. వరద ముంపు ఊళ్లలో ఇల్లున్న వాళ్లకు ఇది పెద్ద ఊరట, ఎందుకంటే వరదను తీసేసి మిగతావాటికే ఇస్తామంటే అది భారత్ గృహ రక్ష కాదు. వేరే పేరున్న పాలసీ చేతిలో పెడితే వరద ఉందా లేదా అన్నది ముందు చదవండి.

ఇంటికి బీమా తీసుకుంటే సామాన్లకు అందులో 20 శాతం, గరిష్ఠంగా 10 లక్షల వరకు, దానంతట అదే వస్తుంది. పై లెక్కలోని ఇంటికి అది 2 లక్షల 88 వేలు. నగలు ఇందులోకి రావు, విడిగా చెప్పి చేర్పించాలి. నగదుకు, దస్తావేజులకు, బండ్లకు రక్షణ లేదు. ఏళ్ల తరబడి గోడ చెమ్మ పట్టి పెచ్చులూడితే అదీ రాదు. భూమి విలువ కలపకూడదు, కట్టుబడి ఖర్చు మాత్రమే వేయాలి. ఊళ్లో స్థలం ధర పెరిగిందని బీమా మొత్తం పెంచుకుంటే ప్రీమియం దండగ.

క్లెయిమ్ తీసుకున్న వాళ్లకు ఈ పాలసీలో పనికొచ్చేవి రెండున్నాయి, ఏజెంట్లు వాటి గురించి పెద్దగా చెప్పరు. ఒకటి, క్లెయిమ్ చెల్లించాక బీమా మొత్తం తరిగిపోదు. మిగిలిన కాలానికి ఆ మేరకు ప్రీమియం పట్టుకుని మళ్లీ నిండు మొత్తానికి తెస్తారు. పాలసీ ఏడాది మధ్యలో క్లెయిమ్ తీసుకుని, "అయిపోయింది కదా" అని కాగితం అవతల పారేసిన వాళ్లున్నారు. గడువు తేదీ చూసుకోండి, ఆ పాలసీ ఇంకా బతికే ఉండవచ్చు. రెండోది, దీన్ని ఒకేసారి 10 ఏళ్ల దాకా తీసుకోవచ్చు. ఇంటి బీమా మొత్తం ఏటా 10 శాతం చొప్పున, అదనపు ప్రీమియం లేకుండా పెరుగుతుంది. ఏడాది పాలసీ అయితే ప్రతి రెన్యువల్‌కీ పాత క్లెయిమ్ మాట వస్తుంది. అయిదేళ్లకో పదేళ్లకో ఒకసారి కట్టేస్తే ఆ మధ్యలో అడిగేవాళ్లుండరు. క్లెయిమ్ తర్వాత కాస్త ఎక్కువ రేటుకైనా దీర్ఘకాల పాలసీ దొరికితే పట్టుకోవడమే మంచిది.

దాచడమే అసలు ప్రమాదం

ప్రపోజల్ ఫారంలో గతంలో క్లెయిమ్ ఉందా, ఎవరైనా పాలసీ నిరాకరించారా అని అడుగుతారు. "లేదు అని రాసెయ్యండి, ఎవరు చూస్తారు" అని సలహా ఇచ్చేవాళ్లు ఉంటారు. ఆ సలహాకు రేపు కట్టాల్సిన ధర చాలా ఎక్కువ. అడిగిన ముఖ్యమైన విషయం దాస్తే కంపెనీ క్లెయిమ్ తిరస్కరించవచ్చని సుప్రీంకోర్టు 2009లోనే సత్వంత్ కౌర్ సంధు కేసులో చెప్పింది. అది ఆరోగ్య బీమా కేసు, సూత్రం మాత్రం బీమా అంతటికీ వర్తిస్తుంది. నెలకు 57 రూపాయలు మిగుల్చుకోబోయి 14 లక్షల రక్షణ పోగొట్టుకోవడం ఏ లెక్కన చూసినా నష్టమే.

క్లెయిమ్ ఉందని రాయండి, పక్కనే దాని ఫైలు పెట్టండి. పాత క్లెయిమ్ నంబర్, సెటిల్‌మెంట్ లెటర్, సర్వేయర్ రిపోర్టు కాపీ (అడిగితే ఇవ్వాలి), మరమ్మతు బిల్లులు, ముందు-తర్వాత ఫొటోలు. కొత్త కంపెనీకి ఉండే ప్రధాన భయం, పాత పగుళ్లకే మళ్లీ డబ్బు అడుగుతారేమోనని. గోడ కట్టి, గచ్చు ఎత్తు పెంచి, స్విచ్‌బోర్డు పైకి జరిపి ఉంటే ఆ ఫొటోలే దానికి సమాధానం. మేస్త్రీ బిల్లు ఇవ్వడు నిజమే. అయినా సిమెంటు, పెంకులు, వైరు కొన్న దుకాణం బిల్లిస్తుంది, మేస్త్రీ కూలి ఫోన్‌పేలో కడితే అదీ రికార్డే.

ఇల్లు ఎలాంటిదో ఉన్నదున్నట్టు రాయాలి. తాటాకు, గడ్డి, వెదురు, చెక్క పలకలు, ప్లాస్టిక్, టార్పాలిన్ లాంటి వాటితో గోడలో కప్పో ఉంటే పాలసీ భాషలో అది కచ్చా. ఆ జాబితాలో పెంకుల పేరు లేదు కాబట్టి పెంకుటిల్లు అనగానే కచ్చా అని ఒప్పుకోకండి. గోడలు దేనివి, కప్పు దేనిది అని విడివిడిగా రాయండి. ముందు గదిలో కిరాణా కొట్టు నడుస్తుంటే చెప్పాలి. అందరూ హైదరాబాద్‌లోనో గల్ఫ్‌లోనో ఉండి ఇంటికి తాళం వేసి ఉంటే అది కూడా రాసివ్వాలి, తాళం వేసిన ఇంటికి షరతులేమిటో రాతపూర్వకంగా అడగాలి. నోటిమాట క్లెయిమ్ రోజున పనికిరాదు.

ఊరి ఇళ్లతో మరో చిక్కు పేరు. ఇల్లు దాదా పేరున ఉంటుంది, ఆయన పోయి ఇరవై ఏళ్లవుతుంది, నలుగురు కొడుకులు, కూతుళ్లు హక్కుదారులు. గ్రామకంఠం స్థలమైతే రిజిస్ట్రీ దస్తావేజు కూడా ఉండదు. మొదటి క్లెయిమ్‌లో డబ్బు ఎవరి ఖాతాలో వేయాలన్న దగ్గరే ఇలాంటి ఇళ్ల ఫైళ్లు ఆగుతాయి. కొత్త పాలసీకి వెళ్లే ముందే పంచాయతీలో ఇంటి పన్ను పేరు మార్పించుకుని, రసీదు, కరెంటు బిల్లు ఒకే పేరున ఉండేలా చూసుకోవడం మంచిది. వారసులందరి పేర్లూ పాలసీలో రాయించవచ్చేమో బ్రాంచిలో అడగండి. చెల్లెళ్ల పేర్లు వదిలేయకండి, వాటా వాళ్లకూ ఉంది.

కంపెనీ మాట వినకపోతే

కొత్త పాలసీ ఇవ్వం అన్న కంపెనీని ఎవరూ బలవంతం చేయలేరు, అక్కడ ఇంకో కంపెనీ చూసుకోవాల్సిందే. ప్రీమియం తీసుకుని పాలసీ ఇవ్వకపోయినా, ఫారంలో ఉన్నదానికి భిన్నంగా ఇచ్చినా, క్లెయిమ్ కొట్టేసినా, నాన్చినా మాత్రం దారులున్నాయి. ముందు కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వాలి. ఐఆర్‌డీఏఐ బీమా భరోసా పోర్టల్‌లోనూ, 155255 నంబర్‌కూ చెప్పవచ్చు. నెల గడిచినా జవాబు రాకపోతే, లేదా వచ్చిన జవాబు నచ్చకపోతే, ఏడాదిలోపు ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లవచ్చు. నాంపల్లి నుంచి ఆ ఆఫీసు ఎంతో దూరం లేదు, లక్డీకాపూల్ దగ్గర ఏసీ గార్డ్స్‌లోని మొయిన్ కోర్ట్‌లో ఉంది. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు, 50 లక్షల దాకా తేల్చే అధికారం ఉంది. ఆయన ఇచ్చే అవార్డుకు కంపెనీ కట్టుబడాలి.

అంబుడ్స్‌మన్ కాకుండా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లాలంటే హైదరాబాద్ జిల్లా కమిషన్ నాంపల్లి ఎంజే రోడ్డులోని చంద్రవిహార్ కాంప్లెక్స్‌లోనే ఉంది. ఒకే గొడవను రెండు చోట్లా పెట్టకూడదు. కమిషన్‌లో కేసు ఉంటే అంబుడ్స్‌మన్ తీసుకోరు. "ఇల్లు ఖమ్మం జిల్లాలో ఉంది కదా, అక్కడికే పోవాలేమో" అని చాలామంది ఆగిపోతారు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం ఫిర్యాదుదారు నివాసం ఉన్న చోట కూడా కేసు వేయవచ్చు. కాబట్టి పాలసీ ఎవరి పేరున ఉందో ఆ మనిషి హైదరాబాద్‌లో ఉంటే మునిగిన ఇల్లు ఎక్కడున్నా నాంపల్లిలో వేసుకోవచ్చు. గడువు రెండేళ్లు. కట్టిన సొమ్ము, అంటే ఇక్కడ ప్రీమియం, 5 లక్షల లోపు ఉంటే కోర్టు ఫీజు సున్నా. ఆధార్‌లో ఇంకా ఊరి అడ్రసే ఉంటే అద్దె ఒప్పందం, గ్యాస్ బిల్లు లాంటి హైదరాబాద్ కాగితాలు వెంట తీసుకెళ్లండి.