ఆపరేషన్ ఒక్కరోజే... కోలుకోవడానికి ఓ సీజన్!

'కాయలు కోతకొచ్చాయి. ఆపరేషన్ ఉగాది తర్వాత పెట్టుకుంటే ఏమవుతుంది డాక్టర్ గారూ?' పెద్దపేగులో క్యాన్సర్ గడ్డ ఉందని తేలగానే పాత గుంటూరు, ప్రకాశం జిల్లాల రైతు కుటుంబాల నుంచి వచ్చే మొదటి ప్రశ్నల్లో ఇదొకటి. ఆపరేషన్ అయిపోయాక వచ్చే ప్రశ్న ఇంకోటి: 'మళ్లీ చేలోకి ఎప్పుడు వెళ్లొచ్చు?'

రెండోదానికి జవాబు 'ఆరు వారాలు' అని డిశ్చార్జి కాగితం మీద ఒక్క లైనులో ఉంటుంది. ఆ ఆరు వారాలు ఇంట్లో ఎలా గడుస్తాయో మాత్రం అందులో ఉండదు. మా పెదనాన్నకు ఈ ఆపరేషన్ అయినప్పుడు, ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని వార్డు బయట కూర్చున్నవాణ్ణి నేను. డాక్టర్లను అడిగి, చదివి తెలుసుకున్నదంతా ఓ నోట్‌బుక్కులో రాసుకున్నా. అందులో ముఖ్యమైనవే ఇవి.

లోపల ఏం చేస్తారు?

పెద్దపేగు పొడవు సుమారు ఐదడుగులు. గడ్డ ఉన్న ముక్కనీ, దాని చుట్టూ ఉన్న లింఫ్ గ్రంథులనీ కోసి తీసేసి, మిగిలిన రెండు కొసలనీ కలిపి కుడతారు. తీసిన ముక్క పరీక్షకు వెళ్తుంది. అందులో కనీసం 12 గ్రంథులనైనా చూడాలన్నది ప్రమాణం. ఆ రిపోర్టుతోనే స్టేజీ ఏమిటో, కీమో కావాలో వద్దో తేలుతుంది. అందుకే ఆ కాగితాన్ని పొలం పాసుపుస్తకమంత భద్రంగా దాచుకోవాలి. ఫోన్లో ఫొటో తీసి ఇంట్లో ఇద్దరి దగ్గరైనా ఉంచండి.

'గ్యాస్ పోయిందా?'

వార్డులో డాక్టర్ రోజూ అడిగే ప్రశ్న ఇది. పక్కనున్న కుర్రాళ్లు ముసిముసిగా నవ్వుకుంటారు గానీ, దాని అర్థం పెద్దది. ఆపరేషన్ తర్వాత పేగు కొన్నాళ్లు మొద్దుబారి ఉంటుంది. గ్యాస్ కదిలిందంటే పేగు మళ్లీ పనిలోకి దిగిందన్నమాట.

ఒకప్పుడు అంతవరకూ నోట్లో చుక్క నీళ్లు కూడా పోసేవారు కాదు. ముక్కులో గొట్టం, మంచం మీద పడుకోబెట్టడం. డెన్మార్క్ సర్జన్ హెన్రిక్ కెలెట్ 1990ల్లో ఆ పద్ధతిని ప్రశ్నించారు. నొప్పిని సరిగ్గా అదుపు చేసి, త్వరగా నడిపించి, త్వరగా ఆహారం మొదలుపెడితే రోగి తొందరగా కోలుకుంటాడని చూపించారు. ఇప్పుడు చాలాచోట్ల ఆపరేషన్ మర్నాడే లేపి నాలుగడుగులు వేయిస్తున్నారు. 'కుట్లు ఊడిపోతాయి, కదపొద్దు' అని అడ్డుపడే బంధువులకు ఈ సంగతి చెప్పాలి. పడుకునే ఉంటే కాళ్లలో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఎక్కువ. క్యాన్సర్ ఆపరేషన్ అయినవాళ్లలో కొందరికి గడ్డకట్టకుండా నాలుగు వారాల దాకా ఇంజెక్షన్లు రాసేది అందుకే.

ల్యాప్రోస్కోపీ అయితే మూడు నుంచి ఐదు రోజుల్లో, పొట్ట పెద్దగా కోసి చేస్తే వారం రోజులకో అటూఇటూగానో ఇంటికి పంపిస్తారు.

ఇవి కనిపిస్తే ఆగొద్దు

పేగుల అతుకు దగ్గర లీకవడం అరుదే కానీ ప్రాణాంతకం. ఎక్కువగా మొదటి పది రోజుల్లో బయటపడుతుంది. 100.4 డిగ్రీలు దాటిన జ్వరం, తగ్గకుండా పెరిగే కడుపునొప్పి, పొట్ట ఉబ్బడం, ఆగని వాంతులు, గుండెదడ... వీటిలో ఏది కనిపించినా 108కి ఫోన్ చేసి, ఆపరేషన్ చేసిన ఆసుపత్రికే తీసుకెళ్లడం మంచిది. ఒక కాలి పిక్క మాత్రమే వాచినా, ఉన్నట్టుండి ఆయాసం వచ్చినా అంతే. ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర ఓ సూది వేయించి 'రేపు చూద్దాం' అనుకునే సమయం కాదది.

రోగికి జబ్బు పేరు చెప్పకుండా 'కడుపులో చిన్న గడ్డ' అని దాచే కుటుంబాలు చాలా ఉన్నాయి. కానీ తనకేం జరిగిందో తెలియని మనిషి ఈ లక్షణాలను పట్టించుకోడు. ప్రేమతోనే దాస్తాం నిజమే, నష్టం మాత్రం ఆయనకే.

కారం సంగతేంటి?

గుంటూరు ఇంట్లో ఇది తప్పని చర్చ. ముందు ఓ అపోహ తీసేద్దాం. పెద్దపేగు క్యాన్సర్‌కు రుజువైన కారణాల జాబితాలో వయసు, వంశపారంపర్యం, పొగ, మద్యం, ఊబకాయం, ప్రాసెస్ చేసిన మాంసం ఉన్నాయి. మిరపకాయ లేదు. 'ఆ గొడ్డుకారం తినబట్టే' అని రోగిని తిట్టడం ఆపండి.

అయితే కొత్తగా అతికిన పేగు కొన్ని వారాలు తేలికపాటి తిండే కోరుతుంది. మెత్తటి పెరుగన్నం, ఇడ్లీ, తొక్క తీసిన సొరకాయ, బీరకాయ, కోడిగుడ్డు, చేప మంచివి. పచ్చి ఉల్లిపాయ, గోంగూర, జొన్నరొట్టె, ఊరగాయలు కొన్నాళ్లు పక్కన పెట్టాలి. ఘాటు తింటే విరేచనాలు, మంట. తర్వాత ఒక్కో పదార్థం కొంచెం కొంచెంగా కలుపుతూ, ఏది పడుతోందో చూసుకోవాలి. పథ్యం పేరుతో గుడ్డు, పప్పు మాన్పించి ఉత్త చారన్నం పెడితే మాత్రం గాయం మానడానికి కావాల్సిన మాంసకృత్తులు అందవు.

కుడివైపు పేగు తీసినవాళ్లకు కొన్ని వారాలు, ఒక్కోసారి నెలలు, విరేచనం పలచగా రోజుకు చాలాసార్లు అవుతుంది. భయపడక్కర్లేదు కానీ డాక్టర్‌కి చెప్పాలి.

బస్తా, ట్యాంకు, కల్లం

పైన చర్మం రెండు వారాల్లో అతుక్కున్నట్టే ఉంటుంది. లోపలి పొరలు గట్టిపడటానికి ఇంకా చాలా సమయం పడుతుంది. ఈలోగా బరువెత్తితే కోత దగ్గర హెర్నియా వస్తుంది. కనీసం ఆరు వారాలు నిండు బిందె కూడా ఎత్తకూడదు. మిరప టిక్కీ 40 కిలోల పైమాటే. మందు కొట్టే 16 లీటర్ల ట్యాంకు నింపితే 20 కిలోల దాకా ఉంటుంది. ఇవి డాక్టర్ సరేనన్నాకే.

మన దగ్గర ఇంకో చిక్కుంది, మిరప కల్లం. ఆ ఘాటుకు ఆరోగ్యంగా ఉన్నవాళ్లే తుమ్మి తుమ్మి అలిసిపోతారు. పొట్టమీద తాజా కోత ఉన్నవాళ్లకు ఒక్కో తుమ్ము నరకమే. కల్లానికీ, యార్డుకీ దూరంగా ఉండాలి. దగ్గు, తుమ్ము వస్తే చిన్న దిండు పొట్టకు అదిమిపట్టుకోవాలి. నొప్పి లేకుండా గట్టిగా బ్రేకు తొక్కగలిగినప్పుడే బండి నడపాలి.

సంచి పెట్టి ఉంటే

అందరికీ అవసరం రాదు. అతుకుకు విశ్రాంతి కావాలన్నా, పేగు మూసుకుపోయి అత్యవసరంగా ఆపరేషన్ చేయాల్సి వచ్చినా, పేగు కొసను పొట్ట మీదకు తెచ్చి సంచి అమరుస్తారు. చాలామందికి కొన్ని నెలల తర్వాత తీసేస్తారు. ఇది అంటుకునే జబ్బు కాదు. స్నానం చేయొచ్చు, బస్సెక్కొచ్చు, పెళ్లికి వెళ్లొచ్చు. మార్చడం ఎలాగో డిశ్చార్జికి ముందే రోగి, ఇంట్లో ఇంకొకరు నర్సు దగ్గర చేసి చూపించి నేర్చుకోవాలి.

చిన్నపేగు నుంచి సంచి పెట్టినవాళ్లకు మన ఎండలే అసలు ప్రమాదం. నీళ్లతోపాటు ఉప్పు కూడా పోతుంది. ఉత్త నీళ్లు తాగితే సరిపోదు, ఓఆర్‌ఎస్ కావాలి. మూత్రం ముదురు పసుపుగా వచ్చినా, కళ్లు తిరిగినా, రోజుకు లీటరున్నర పైగా పోతున్నా ఆసుపత్రికి వెళ్లాలి.

కీమో రోజుల్లో చేతులు జాగ్రత్త

మూడో స్టేజీ వాళ్లకూ, రెండో స్టేజీలో కొందరికీ కీమో ఉంటుంది. ఎనిమిది వారాల్లోపు మొదలైతే మేలు. 'ఈ పంట అయ్యాక' అని వాయిదా వేస్తే మందు ఇచ్చే లాభం తగ్గుతుంది. కేపెసిటబిన్ మాత్రలతో అరచేతులు, అరికాళ్లు ఎర్రబడి పొట్టు లేస్తాయి. పత్తి కాయల మొనలు గీసుకునే చేతులకూ, మిరపకాయలు కోసే చేతులకూ ఇది చాలా కష్టం. ఆ నెలల్లో కూలికి వెళ్లడం కుదరకపోవచ్చని ముందే లెక్క వేసుకోవాలి. ఆక్సాలిప్లాటిన్ ఎక్కించుకున్నవాళ్లకు ఫ్రిజ్ నీళ్లు తగిలితే చాలు, వేళ్లు, గొంతు జివ్వుమంటాయి.

ఖర్చు కోసం పొలం తాకట్టు పెట్టేముందు 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ, ఇప్పటి ఎన్టీఆర్ వైద్యసేవ, కింద ఆపరేషన్, కీమో వస్తాయేమో ఆసుపత్రి కౌంటర్లోనో, 104కి ఫోన్ చేసో కనుక్కోండి. గుంటూరు పెద్దాసుపత్రి ఆవరణలో నాట్కో ట్రస్టు కట్టించిన క్యాన్సర్ కేంద్రం ఉంది. మంగళగిరిలో ఎయిమ్స్ ఉంది.

ఐదేళ్ల లెక్క

కోలుకున్నాక కూడా మొదటి రెండు మూడేళ్లు మూడు నుంచి ఆరు నెలలకోసారి సీఈఏ రక్తపరీక్ష, అవసరాన్ని బట్టి సీటీ స్కాన్, ఏడాదికి కొలనోస్కోపీ ఉంటాయి. ఈ పర్యవేక్షణ ఐదేళ్లు సాగుతుంది.

నడక మానొద్దు. 2025లో న్యూ ఇంగ్లాండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో 889 మంది మీద చేసిన అధ్యయనం వచ్చింది. ఆపరేషన్, కీమో పూర్తయినవాళ్లలో కొందరికి మూడేళ్లు పద్ధతిగా వ్యాయామం చేయించారు. ఐదేళ్ల తర్వాత జబ్బు తిరిగిరాకుండా ఉన్నవాళ్లు ఆ గుంపులో నూటికి 80 మంది, సలహాల పుస్తకం మాత్రమే ఇచ్చిన గుంపులో 74 మంది.

చివరిగా ఓ మాట, నా ఈడు వాళ్లకు. అమ్మకో నాన్నకో ఈ జబ్బు వచ్చిందంటే మనమూ పరీక్ష చేయించుకోవాలి. 40 ఏళ్లకు, లేదా వాళ్లకు బయటపడిన వయసుకు పదేళ్ల ముందు, ఏది ముందైతే అప్పుడు కొలనోస్కోపీ చేయించుకోవాలి. నాన్నకు 45లో వస్తే మనకు 35లో అన్నమాట. ఈలోగా మలంలో రక్తం కనపడితే 'మొలలే, వేడి చేసింది' అనుకోకుండా డాక్టర్‌కి చూపించుకోండి.