నిలవ పెట్రోలు ఎందుకు చెడుతుంది?

అమెరికా, కెనడా దేశాలలో మోటారుహోము అనే వాహనం బాగా వాడుకలో ఉన్నది. లారీ వంటి చట్రం మీద చిన్న ఇల్లు కట్టినట్లుగా అందులో పడకలు, గ్యాసు పొయ్యి, రిఫ్రిజిరేటరు, స్నానాలగది అమర్చి ఉంటాయి. యజమాని కుటుంబం వేసవిలో అందులో ఊరూరా తిరిగి, మంచు కురిసే కాలం రాగానే దానిని షెడ్డులో ఉంచుతుంది. ఆరు నెలలకో, ఒక్కొక్కప్పుడు రెండు మూడేళ్ళకో తిరిగి తాళం తిప్పితే, ఇంజను దగ్గినట్లు చప్పుడు చేసి ఆగిపోతుంది. బాటరీ మంచిదే, ప్లగ్గులూ మంచివే. లోపం టాంకిలోని పెట్రోలులో ఉన్నది.

ఇక్కడ ఒక సందేహం కలుగక మానదు. ముడినూనె కోట్లాది సంవత్సరాలు భూగర్భంలో నిలవ ఉన్నది కదా! దాని నుంచి తీసిన పెట్రోలు కొద్ది నెలలలోనే చెడిపోవడమేమిటి? భూగర్భంలో ముడినూనెకు గాలి తగలదు. పైగా, పెట్రోలు ముడినూనె వంటిది కాదు. శుద్ధి కర్మాగారంలో దాని అణువులు కొన్నింటి స్వరూపమే మారిపోతుంది. అటువంటి పెట్రోలుకు గాలి తగిలినప్పుడు మూడు మార్పులు జరుగుతాయి.

మొదటిది ఆవిరి కావడం. పెట్రోలు ఒకే పదార్థం కాదు. ఉదజని, కర్బనం కలిసిన వందలాది హైడ్రోకార్బనుల మిశ్రమం. వీటిలో బ్యూటేను సున్న డిగ్రీల సెంటిగ్రేడు దగ్గరనే మరుగుతుంది. పెంటేను 36 డిగ్రీల దగ్గర మరుగుతుంది. బరువైనవి కొన్ని 200 డిగ్రీలకు గాని మరగవు. చల్లని ఇంజనులో మొదట నిప్పు అందుకొనేది తేలికైన వాటి ఆవిరే. పగటి వేడికి టాంకిలోని గాలి వ్యాకోచించి, ఈ ఆవిరిని వెంటబెట్టుకొని బయటికి పోతుంది. రాత్రి చల్లబడగానే కొత్త గాలి లోపలికి వస్తుంది. నేటి వాహనాలలో ఈ ఆవిరిని పట్టి ఉంచే బొగ్గు డబ్బా ఉన్నది గాని, దానివల్ల నష్టం తగ్గుతుందే తప్ప పూర్తిగా ఆగదు.

రెండవది ఆమ్లజనితో కలయిక. పెద్ద అణువులను చీల్చి పెట్రోలు చేసేటప్పుడు కొన్ని అణువులలో కర్బన పరమాణువుల మధ్య ద్విబంధాలు ఏర్పడతాయి. ఇవి ఆమ్లజనితో సులభంగా కలిసి పెరాక్సైడులవుతాయి. ఒక పెరాక్సైడు విరిగితే మరికొన్ని అణువులు చర్యలోకి దిగుతాయి. ఇలా గొలుసుగా సాగి, చివరకు అణువులు ఒకదానికొకటి అతుక్కొని బంక తయారవుతుంది. వంటింటిలో నూనె సీసా మూత చుట్టూ పేరుకొనే జిగురు ఇటువంటిదే. మోటారుహోములో దీపాలకు విద్యుత్తునిచ్చే చిన్న జనరేటరు కూడా తరచు అదే టాంకి నుంచి పెట్రోలు తీసుకొంటుంది. కార్బురేటరు ఉన్న జనరేటరులో రంధ్రాలు చాలా సన్ననివి కాబట్టి, బంక సాధారణంగా ముందు అక్కడే అడ్డుపడుతుంది.

మూడవది నీరు. అమెరికాలో అమ్మే పెట్రోలులో సాధారణంగా 10 శాతం వరకు ఇథనాలు ఉంటుంది. ఇథనాలుకు నీటిని పీల్చుకొనే గుణం ఉన్నది. 15 డిగ్రీల వద్ద ఈ మిశ్రమం సుమారు అర శాతం నీటిని, అంటే 200 లీటర్లకు ఒక లీటరును, తనలో కలుపుకోగలదు. నీరు అంతకు మించినా, చలి బాగా పెరిగినా, నీరూ ఇథనాలూ కలిసి వేరొక పొరగా అడుగుకు దిగుతాయి. పంపు తోడేది ఆ అడుగు పొరనే.

కనుక తాళం తిప్పక ముందే పెట్రోలును పరీక్షించాలి. కొద్దిగా గాజు సీసాలోకి తీసి చూసినప్పుడు రంగు లేతగా, వాసన మామూలుగా ఉంటే, టాంకిలో ఖాళీ ఉన్నంత మేరకు కొత్త పెట్రోలు పోస్తే సాధారణంగా సరిపోతుంది. తేలిక అణువుల లోటు తీరుతుంది. రంగు ముదిరి, వార్నీషు వంటి ఘాటైన వాసన వేస్తున్నా, అడుగున వేరే పొర కనిపించినా కొత్తది కలపడం వృథా. బంక తిరిగి పెట్రోలు కాదు. అప్పుడు అంతా తోడివేసి, ఫిల్టరు మార్చి, కార్బురేటరును శుభ్రపరచాలి. జనరేటరు నడిపి టాంకి ఖాళీ చేద్దామన్నా కుదరదు. దారిలో ఇంధనమంతా అయిపోకుండా దాని గొట్టాన్ని సాధారణంగా పావు టాంకి ఎత్తు వరకే దించుతారు.

తోడే పని మెకానిక్కుకు వదలడం క్షేమం. పెట్రోలు ఆవిరి గాలికన్న బరువైనది. నేల వెంట పాకి దూరాన ఉన్న నిప్పును అందుకొంటుంది. సున్నకు దిగువ 40 డిగ్రీల చలిలో కూడా అంటుకోగలిగినంత ఆవిరి దాని నుంచి వెలువడుతుంది. అనేక మోటారుహోములలో రిఫ్రిజిరేటరు ప్రొపేను మంటతో పనిచేస్తుంది. ఆ మంట పైకి కనబడదు. ముందుగా దానిని, పొయ్యిని ఆర్పి, గ్యాసు కట్టివేసి, బండిని ఆరుబయట నిలపాలి. గొట్టంతో నోటితో పెట్రోలు లాగడం ప్రాణాంతకం కావచ్చును. కొద్దిపాటి ఊపిరితిత్తులలోకి పోయినా చాలు. తోడిన దానిని కాలువలోనో మట్టిలోనో పారబోయరాదు. ప్రమాదకర వ్యర్థాలను సేకరించే కేంద్రంలో అప్పగించాలి.

నివారణ ఇంతకన్న సులభం. బండిని షెడ్డులో పెట్టే ముందు టాంకిని దాదాపు నిండుగా ఉంచితే లోపల గాలికి చోటు తగ్గుతుంది. ఆమ్లజని చర్యను అడ్డగించే ద్రావకం కలిపి, అది గొట్టాలన్నిటికీ చేరేటట్లు ఇంజనును, జనరేటరును కొన్ని నిమిషాలు నడపాలి. ఈ ద్రావకం గొలుసును తెంచుతుందే గాని చెడిన పెట్రోలును బాగుచేయదు. కాబట్టి పెట్రోలు తాజాగా ఉన్నప్పుడే కలపాలి.

భారతదేశంలో 2025 నాటికి పెట్రోలులో ఇథనాలు పాలు 20 శాతానికి చేరింది. నెలల తరబడి కదలని స్కూటరుకు కూడా ఈ రసాయన శాస్త్రమే వర్తిస్తుంది. తరగతిలో దీనిని చూపడానికి పెట్రోలు వాడరాదు. అవిసె నూనె చాలు. గాజు పలక మీద పలుచగా పూసిన నూనె కొన్ని వారాలలో గట్టి పొరగా మారుతుంది. నిండుగా పోసి మూత బిగించిన సీసాలోని నూనె ద్రవంగానే ఉంటుంది. నూనె తుడిచిన గుడ్డలు తమంత తామే అంటుకోవచ్చును గనుక వాటిని నీటిలో తడిపి పారవేయాలి. పలకకూ సీసాకూ తేడా ఒక్క గాలి అని విద్యార్థులు గ్రహిస్తే, టాంకిని ఎందుకు నింపి ఉంచాలో వేరే చెప్పనక్కరలేదు.