మీకు తెలుసా? నీళ్లు పడి ముద్దకట్టిన చాక్లెట్‌కు మందు నీళ్లే!

కరిగించిన చాక్లెట్‌లో నాలుగు నీటిచుక్కలు పడితే క్షణాల్లో గరుకు ముద్దగా బిగుసుకుపోతుంది; దాన్ని మళ్లీ జారుగా మార్చేది ఇంకొన్ని నీళ్లే.

చాక్లెట్ అంటే కోకో వెన్నలో కలిసి ఉన్న చక్కెర, కోకో రేణువులు. కాస్త తడి తగిలితే చాలు, చక్కెర జిగురెక్కి రేణువులన్నీ అతుక్కుంటాయి. చెంచాకున్న తడి, గిన్నె కింద మరిగే నీళ్ల ఆవిరి కూడా అంత పనీ చేస్తాయి. నీళ్లు పెరిగితే ఆ జిగురు పలచబడి పట్టు వదులుతుంది.

కాబట్టి చుట్టాలొచ్చే వేళకు కేకు మీద పోయాల్సిన చాక్లెట్ ముద్దకట్టిందని పారేయకండి, పాపం! 100 గ్రాములకు సుమారు రెండు టేబుల్‌స్పూన్ల వేడినీళ్లో, వేడి పాలో కొద్దికొద్దిగా పోస్తూ గబగబా కలపండి. మొదట ఇంకా పాడైనట్టే కనిపిస్తుంది, ఆపొద్దు. కాసేపటికి గిన్నె అంచుల్లో మెరుపొస్తుంది, గరిటె ఎత్తితే తీగలా జారుతుంది. కేకు మీదికి, ఐస్‌క్రీమ్‌లోకి భేషుగ్గా ఉంటుంది. పెళుసుగా గట్టిపడదు గనుక అచ్చుల్లో పోసే చాక్లెట్లకు పనికిరాదు. అడుగంటి మాడిన చాక్లెట్‌కు మాత్రం ఈ వైద్యం లేదు.