తలపాగా తప్పా?

మా వీధి చివర మైదానంలో పిల్లలు బాస్కెట్‌బాల్ ఆడుతూంటారు. ఆటకన్న తగవులు ఎక్కువ. నాకు కాస్త నిబంధనలు తెలుసునని ఆ తగవులన్నీ నా దగ్గరకే తెస్తారు. "మామయ్యగారూ, కళ్ళజోడుతో ఆడవచ్చునా? మరి గాజులతో?"

కళ్ళజోడు ఎదుటివారికి ప్రమాదం కానంతవరకు అభ్యంతరం లేదు. గాజులు, ఉంగరాలు, గొలుసులు మాత్రం తీసి రావలసిందే. ఆడపిల్ల చేతులు బోసిగా ఉండరాదని బామ్మగారు నొచ్చుకోవచ్చు. కాని గాజు పగిలితే గుచ్చుకునేది ఎవరో ఒకరి బిడ్డకే గదా!

ఇంకొక చిత్రం వినండి. దెబ్బ తగిలిన ముక్కుకు గట్టి తొడుగు పెట్టుకుని ఆడవచ్చు. ముంజేతికి తోలు తొడుగు వేసుకుంటే, పైన మెత్తని గుడ్డ చుట్టినా ఒప్పుకోరు. ఇదేమి న్యాయమంటారా? ముక్కుతో ఎవరూ ఎవరినీ కొట్టరు. ముంజేయి ఊరుకోదు!

హాని సంగతి అది. నిబంధన చూసే రెండో సంగతి అక్రమ లాభం. ఎక్కువ ఎత్తు ఎగరనిస్తాయని చెప్పుకున్న ఒక రకం బూట్లను అమెరికాలో ఎన్‌.బి.ఏ. వారు 2010లో నిషేధించింది ఇందుకే.

మరి ఈ రెండూ లేనిచోట? 2014 జూలైలో చైనాలోని వూహాన్‌లో ఆసియా కప్ జరిగింది. అక్కడ మన జట్టులోని అమ్‌జ్యోత్ సింగ్, అమృతపాల్ సింగ్‌లను తలపాగాలు తీసి ఆడమన్నారు. సిక్కుకు తలపాగా అలంకారం కాదు, ధర్మం. ఆ సెప్టెంబరులోనే ఇంచియాన్ ఆసియా క్రీడలలో హిజాబ్ తీయమన్నందుకు ఖతార్ మహిళలు ఆడమని తేల్చి చెప్పారు. గెలుపు మంగోలియాకు పోయింది.

చివరకు అంతర్జాతీయ సమాఖ్య ఫీబా 2017 మేలో నిబంధన మార్చి, అక్టోబరు 1 నుంచి అమలుపెట్టింది. తలమీది వస్త్రం ముఖాన్ని కప్పరాదు. ముఖం, మెడల చుట్టూ తెరిచి మూసే బిగింపులు ఉండరాదు. ఏ భాగమూ బయటికి పొడుచుకు రారాదు. రంగు నలుపో, తెలుపో, జట్టు దుస్తుల రంగో కావాలని అప్పట్లో అన్నారు. అంతే!

కంటికి కొత్తగా ఉన్నదల్లా తప్పు కాదు. "ఇది ఎవరికైనా గుచ్చుకుంటుందా? ఎవరికైనా లేని బలమిస్తుందా?" అని రిఫరీ అడిగితే చాలు. ఆ చిన్న ప్రశ్నలకు జవాబు కాగితం మీదికి ఎక్కడానికి మూడేళ్ళు పట్టింది. ఆటగాడి వయసులో మూడేళ్ళంటే తక్కువేమీ కాదు.