అడిక్‌మెట్ జాగీరు ఆమెది

ఆర్ట్స్ కాలేజీ ఎవరు కట్టించారని హైదరాబాదు తార్నాకలో ఎవరిని అడిగినా చెబుతారు. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ 1917లో ఫర్మానా ఇచ్చి ఉస్మానియా విశ్వవిద్యాలయం పెట్టించాడు. మొదట్లో గన్‌ఫౌండ్రీలో అద్దె భవనాల్లో తరగతులు నడిచాయి. ఆర్ట్స్ కాలేజీకి 1934లో పునాది వేశారు. బెల్జియం ఆర్కిటెక్ట్ ఎర్నెస్ట్ జాస్పర్ నమూనాతో గులాబిరంగు గ్రానైట్ భవనం లేచింది, 1939 డిసెంబరులో ప్రారంభమైంది. అంతవరకూ అందరికీ తెలిసిందే. దానికంటే ముందు ఆ నేల ఎవరిదని అడిగితే మాత్రం జవాబు తొందరగా రాదు.

అడిక్‌మెట్ అనే ఆ ప్రాంతం పద్దెనిమిదో శతాబ్దం చివర మహ్ లఖా బాయి చందా జాగీరు. ఆమె ఉర్దూ కవయిత్రి, గాయని, నర్తకి. నిజాం కొలువులో ఉమరాల సరసన, అంటే అత్యున్నత ప్రభువర్గంలో చోటు దక్కించుకున్న స్త్రీ. ఊరేగింపుగా బయలుదేరితే ముందు నౌబత్ మోగేదనీ, ఐదొందల మంది సైనికులు వెంట నడిచేవారనీ ఆమె జీవితచరిత్రలు రాసినవారు చెబుతారు. జమీందారీ ఇళ్లలో పుట్టినవాళ్లకు ఇలాంటి హంగు తాతల నుంచి వస్తుంది. ఈమెకు తాతల నుంచి వచ్చిన ఆస్తి లేదు. అమ్మమ్మ నుంచి వచ్చింది కూడా కష్టమే.

ఆ కుటుంబ కథ గుజరాత్‌లో మొదలవుతుంది. అమ్మమ్మ పేరు కూడా చందా బీబీయే. మొగల్ ఉద్యోగి అయిన భర్త చిక్కుల్లో పడి ఇల్లు వదిలి పోతే, ఆమె కూతుళ్లను తీసుకుని రాజస్థాన్ దారి పట్టింది. దేవలియా సంస్థానంలో ఆడిపాడే భగత్‌ల ఆశ్రయం దొరికింది. ఆడపిల్లలు ఆట, పాట నేర్చుకున్నది అక్కడే. వారిలో రాజ్ కన్వర్‌ను దేవలియా పాలకుడు సలీంసింగ్ చేరదీశాడు. వారికి మెహతాబ్ అనే కూతురు పుట్టింది. అక్కడా నిలవలేకపోయారు. బుర్హాన్‌పూర్ మీదుగా దక్కనుకు, ఔరంగాబాదుకు వచ్చి చేరారు. రాజ్ కన్వర్ అక్కడ బసాలత్ ఖాన్ అనే మొగల్ ప్రభువుకు ఇల్లాలైంది. 1768లో వారికి పుట్టిన బిడ్డే చందా.

ఆ బిడ్డను పెంచింది తల్లి కంటే అక్కే ఎక్కువ. మెహతాబ్ అప్పటికే రుక్నుద్దౌలా ఇంటికి చేరింది. ఆయన మామూలు మనిషి కాదు, రెండో నిజాం అలీఖాన్‌కు దివాను. సంతానం లేని మెహతాబ్ చెల్లెల్ని సొంత కూతురిలా సాకింది. దివాను హవేలీలో పెరగడమంటే రాజ్యవ్యవహారాలు చెవిన పడుతూ పెరగడమే. గుర్రపుస్వారీ, విలువిద్య, ఈటె విసరడం, పుస్తకాలు, సంగీతం అన్నీ అక్కడే అబ్బాయి. పాట నేర్పిన ఖుషాల్‌ఖాన్ అనూప్ తాన్‌సేన్ వంశపు వాడని ప్రతీతి. 1775లో రుక్నుద్దౌలాను హత్య చేశారు. పిల్లకు అప్పుడు ఏడేళ్లు. పెద్దల నీడ ఎంత బలమైనదో, ఎంత త్వరగా పోతుందో ఆ ఇంటి ఆడవాళ్లకు అంతకు ముందే బాగా తెలుసు.

ఈ వంశవృక్షాన్ని ఒకసారి చూడండి. అమ్మమ్మ, అమ్మ, అక్క, చెల్లెలు, ఆ తరువాత పెంపుడు కూతురు. మగవాళ్లు వస్తారు, పోతారు. ఇల్లు నడిచింది ఆడవారి వరసలోనే.

దాదాపు రెండు శతాబ్దాల ముందటి ఇంగ్లండులో ప్రభువంటే లెక్క వేరు. ఆక్స్‌ఫర్డ్ పదిహేడో ఎర్ల్ ఎడ్వర్డ్ డి వియర్ 1550లో పుట్టాడు. ఆయనా కవే, నాటక బృందాలను పోషించినవాడే. పన్నెండేళ్లకు తండ్రి పోతే బిరుదు తనంత తానే తలమీదకు వచ్చింది. రాణి ఎలిజబెత్ మంత్రి విలియం సెసిల్ సంరక్షకుడయ్యాడు, తరువాత పిల్లనిచ్చి మామగారూ అయ్యాడు. ఎర్ల్‌గారు తాతల భూములను ఒకదాని తరువాత ఒకటి అమ్ముకుని 1604లో కన్నుమూశాడు. అయినా బిరుదు చెక్కుచెదరలేదు. మొదటి భార్యకు పుట్టి బతికిన ముగ్గురూ ఆడపిల్లలే. వారికి అది చెందదు. రెండో భార్యకు 1593లో పుట్టిన హెన్రీకే అది దక్కింది. భూమి పోయినా బిరుదు మిగలడం, ఆడపిల్లలుండగా మగపిల్లాడి కోసం ఎదురుచూడడం అక్కడి ఆచారం. మగ వారసులు లేక 1703లో ఆ వంశపు బిరుదు అంతరించింది.

హైదరాబాదులో జాగీరు అలా కాదు. అది పాలకుడి దయ. జాగీర్దారు పోతే జాగీరు తిరిగి సర్కారుది. వారసుడు నజరానా పట్టుకుని దర్బారులో నిలబడి మళ్లీ పట్టా తెచ్చుకోవాలి. మొగల్ కాలం నాటి ఈ పద్ధతి 1949 ఆగస్టులో జాగీర్ల రద్దుతో గానీ ముగియలేదు. జన్మహక్కు ఇంత పలచగా ఉన్నచోట నేర్పు ఉన్న మనిషికి సందు దొరుకుతుంది. మహ్ లఖా బాయి ఆ సందులోంచే పైకి వచ్చింది. నిర్మల్, పానగల్ దండయాత్రల్లో మగవేషంలో నిజాం వెంట గుర్రమెక్కి వెళ్లింది. అరస్తుజా, మీర్ ఆలం వంటి దివానులు ఆమె మహఫిల్‌కు వచ్చేవారు, రాజ్యకార్యాల్లో ఆమె మాటకు విలువ ఇచ్చేవారు. ప్రతిఫలంగా వచ్చిన జాగీర్లలో సయ్యద్‌పల్లి, చందాపేట, అడిక్‌మెట్ వంటివి ఉన్నాయి.

వచ్చిన డబ్బు ఆమె ఎక్కడ పెట్టిందన్నదే ఈ కథలో అన్నిటికంటే ఆసక్తికరమైన సంగతి. బావులు తవ్వించింది. సంగీత నృత్యాలు నేర్పే ఇల్లు నడిపింది. మూడు వందల మంది ఆడపిల్లలు అక్కడ శిక్షణ పొందారని అంటారు. గులాం హుసేన్ ఖాన్ జౌహర్ చేత దక్కను చరిత్ర రాయించింది. ‘మాహ్ నామా’గా పేరుపడ్డ ఆ పుస్తకంలో ఆసఫ్‌జాహీ రాజుల కథతో పాటు తన కుటుంబ కథ కూడా చేరేటట్టు చూసుకుంది. మనం పైన చెప్పుకున్న అమ్మమ్మ కష్టాలు ఇన్నేళ్ల తరువాతా మనదాకా వచ్చాయంటే ఆ ముందుచూపే కారణం. చరిత్ర రాయించుకునే పని రాజులే చేస్తున్న కాలమది.

1798లో ఆమె తన దివాన్‌ను, అంటే గజళ్ల సంపుటిని, కూర్చింది. 125 గజళ్లు, ఒక్కొక్కదానిలో ఐదేసి షేర్లు (ద్విపదలు). చాలాకాలం ఉర్దూలో దివాన్ కూర్చిన తొలి స్త్రీ ఆమేనని నమ్మారు. అంతకు ఏడాది ముందే లుత్ఫున్నిసా ఇంతియాజ్ దివాన్ పూర్తయిందని తరువాత బయటపడింది. ఇద్దరూ దక్కను వారే. మరుసటి ఏడు, 1799 అక్టోబరు 18న, తాను నర్తిస్తున్న మహఫిల్‌లోనే మహ్ లఖా బాయి ఆ దివాన్ ప్రతి ఒకటి ఈస్టిండియా కంపెనీ అధికారి కెప్టెన్ జాన్ మాల్కమ్ చేతిలో పెట్టింది. శ్రీరంగపట్నంలో టిప్పు కూలి ఐదు నెలలు దాటింది, హైదరాబాదులో ఇక ఎవరి మాట చెల్లుతుందో అందరికీ అర్థమవుతోంది. ఆమె లెక్క తప్పని మనిషి. మాల్కమ్ తరువాత బొంబాయి గవర్నరయ్యాడు. ఆ ప్రతి ఇప్పుడు లండన్‌లో బ్రిటిష్ లైబ్రరీలో ఉంది.

తెలుగు పాఠకులకు ఇక్కడ ముద్దుపళని గుర్తుకు రాక మానదు. అదే శతాబ్దంలో తంజావూరు ప్రతాపసింహుడి కొలువులో ‘రాధికాసాంత్వనము’ రాసిన ఆమె కూడా అమ్మమ్మల వరసను గర్వంగా చెప్పుకుంది, తంజనాయకిని తలచుకుంది. ఆ కావ్యాన్ని 1910లో బెంగళూరు నాగరత్నమ్మ అచ్చువేయిస్తే బూతని గొడవ చేసి నిషేధించారు. ప్రకాశం పంతులు మద్రాసు ప్రధానిగా ఉండగా గానీ నిషేధం తొలగలేదు. మహ్ లఖా బాయిని ఎవరూ నిషేధించలేదు. తవాయిఫ్, అంటే ఆటపాటల భోగస్త్రీ, అన్న ఒక్క మాటతో పక్కన పెట్టేశారు, అంతే. నగరంలో పేటలకు, వంతెనలకు దివానుల పేర్లు దండిగా ఉన్నాయి.

ఆమె పెళ్లి చేసుకోలేదు. హుస్న్ లఖా బాయి అనే పెంపుడు కూతురికి తన కళనూ, తన పేరులో సగాన్నీ ఇచ్చింది. 1792లో తల్లి రాజ్ కన్వర్ చనిపోయింది. చందా కడుపులో ఉండగా గర్భం నిలవదేమోనని భయపడి ఆ తల్లి మౌలాలీ కొండకు మొక్కుకుందని ఇంట్లో చెప్పుకునేవారు. అందుకే తల్లికి ఆ కొండపాదాన తోట వేయించి, సమాధి కట్టించింది. మౌలాలీ దర్గాకు చాలా పాత చరిత్ర ఉంది. 1578లో యాకూత్ అనే కుతుబ్‌షాహీ కొలువు సేవకుడికి హజ్రత్ అలీ కలలో కనిపించాడని కథ. రజబ్ నెల 17న ఇప్పటికీ అక్కడ ఉర్సు జరుగుతుంది. ఆమె కాలంలో నిజాం పరివారమంతా ఆ ఉత్సవానికి తరలివచ్చేది. ఆమె పాడేది, అన్నదానాలు చేయించేది. 1824లో తనూ అదే ఆవరణలో తల్లి పక్కన చేరింది. సమాధిపై పద్యాలు చెక్కారు.

రెండు వందల ఏళ్లలో ఆ తోట ఎండి ముళ్లపొదలు మొలిచాయి. స్కాట్ కూగల్ అనే అమెరికన్ పండితుడు ఆమె మీద పరిశోధన చేస్తూ పట్టుబట్టి కదిలించడంతో, అమెరికా రాయబారి సాంస్కృతిక నిధి నుంచి దాదాపు లక్ష డాలర్లు వచ్చాయి. 2011 మార్చిలో బాగుచేసిన కట్టడాన్ని మళ్లీ తెరిచారు. మన ఊరి జాగీర్దారిణి సమాధికి సున్నం వేయించడానికి డబ్బు సముద్రం దాటి రావలసివచ్చింది. ఉస్మానియా క్యాంపస్‌లో ఆమె పేరుతోనే పిలిచే మెట్లబావిదీ అటువంటి కథే. చాన్నాళ్లు పట్టించుకున్నవారు లేరు. 2024లో రాష్ట్ర ప్రభుత్వం పాత బావులను కంపెనీలకు దత్తత ఇచ్చినప్పుడు దీని బాధ్యత ఇన్ఫోసిస్ తీసుకుంది.

రాళ్ల సంగతి అలా ఏదో దారిన పడింది. అక్షరాల సంగతి మిగిలింది. ఉర్దూ శాఖ, తెలుగు శాఖ రెండూ ఆమె నేల మీద ఒకే ఆర్ట్స్ కాలేజీ కప్పు కింద ఉన్నాయి. పక్కనే ఇంగ్లిష్, విదేశీ భాషల విశ్వవిద్యాలయం ఉంది. 125 గజళ్లంటే ఇద్దరు ముగ్గురు కలిసి కూర్చుంటే తెమిలే పని. వాటిని ఇంగ్లిష్ మీదుగా కాకుండా నేరుగా ఉర్దూ నుంచి తెలుగులోకి తెచ్చి, పక్కన మూలం కూడా అచ్చువేసే పనిని ఆ శాఖలవారు కలిసి తలకెత్తుకోవాలి.